అరువు ఇరుసులు, అరువు బ్రేకులు

సొంతంగా స్పోర్ట్స్ కారు కట్టాలని కలగనే కుర్రవాడు మొదట మాట్లాడేది ఇంజిన్ గురించే. ఎన్ని సీసీలు, పికప్ ఎంత, సైలెన్సర్ మోత ఎలా ఉండాలి. తర్వాత బాడీ, దాని రంగు. అసలు చిక్కు ఆ రెండింటిలోనూ ఉండదు. ఇంజిన్ బలం చక్రం దాకా ఎలా చేరాలి? దూసుకుపోతున్న చక్రం కాలు నొక్కగానే ఎలా ఆగాలి? కారు కట్టబోయిన ప్రతివాడూ చివరికి తల పట్టుకుని కూర్చునేది ఈ రెండు ప్రశ్నల దగ్గరే.

చాసీ గొట్టాలు కోసి వెల్డింగ్ చేసుకోవచ్చు. సీట్లు కుట్టించుకోవచ్చు. ఫైబర్ బాడీని అచ్చులో పోసుకోవచ్చు. బ్రేకు కాలిపర్‌ని, గేరుబాక్సు నుంచి చక్రానికి పోయే డ్రైవ్‌షాఫ్ట్‌ని మాత్రం పెరట్లో తయారు చేయలేం. వాటిని పాత కారు ఒకటి ఇవ్వాలి. అలా తన అవయవాలిచ్చే కారుని డోనర్ కారు అంటారు. ఏ కారుని డోనర్‌గా ఎంచుకోవాలన్న ప్రశ్నకి ఇవాళ మెకానిక్ ఒక్క మాటలో జవాబు చెప్పేస్తాడు. ఆ ఒక్క మాట వెనక మూడు వందల ఏళ్ల తపన ఉంది.

జంషెడ్‌పూర్‌లోని సోనారిలో ఉంటూ ఈ కథ చెప్పాలనిపించడానికి ఈ ఊరే కారణం. సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే దోముహాని మాకు దగ్గర. జంషెడ్‌పూర్‌లో 1912లో మొదటిసారి ఉక్కు పోతపోశారు. 1945లో టెల్కో కంపెనీ వచ్చింది, 1954 నుంచి డైమ్లర్-బెంజ్ సాయంతో లారీలు కట్టింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మన తెలుగువాళ్లు తరాలుగా ఇక్కడ ఇనుముతోనే బతికారు. ఖర్కాయి దాటితే ఆదిత్యపూర్‌లో లేతులు, ఫోర్జింగ్ షాపులు, ఉక్కుని కాల్చి పదునుపెట్టే కొలిముల షాపులు. ఇలాంటి ఊళ్లో ఒక డ్రైవ్‌షాఫ్ట్ చేతికొస్తే అది ఎంత కష్టం మీద పుట్టిందో తెలుసుకోకుండా ఉండటం అన్యాయం.

కథ లండన్‌లో మొదలవుతుంది. శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సూర్యుణ్ణి చూసే పరికరాల గురించి 1676లో ఒక చిన్న పుస్తకం వేశాడు. ఒక కడ్డీని తిప్పితే, దానికి వంకరగా ఉన్న మరో కడ్డీ కూడా తిరిగే కీలు ఒకటి అందులో వర్ణించాడు. రెండు కొక్కేల మధ్య ఒక శిలువ ముక్క, అంతే. ఇవాళ లారీ కింద దూరి చూస్తే ఇంజిన్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే పొడవాటి గొట్టం రెండు చివర్లా కనిపించేది ఆ కీలే. మెకానిక్కులు దాన్ని క్రాస్ అంటారు.

ఆ కీలుకి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. రెండు కడ్డీలూ ఒకే వరసలో ఉంటే బాధ లేదు. వంగితే మాత్రం రెండోది ఒకే వేగంతో తిరగదు. 30 డిగ్రీలు వంగిందనుకోండి. మొదటి కడ్డీ నిమిషానికి 1000 చుట్లు నిలకడగా తిరుగుతున్నా, రెండోది ప్రతి చుట్టులోనూ రెండేసి సార్లు 866కి తగ్గి 1155కి పెరుగుతూ ఉంటుంది. అంటే ఒక్కో చుట్టులో రెండు కుదుపులు. సూర్యుణ్ణి చూసే గొట్టానికి అది పెద్ద ఇబ్బంది కాదు. బరువైన చక్రాన్ని తిప్పే ఇరుసుకి అది ప్రాణాంతకం.

మోటారు కార్లు వచ్చిన కొత్తలో ఈ లోపాన్ని తెలివిగా దాటేశారు. ఒక కీలు చేసిన తప్పుని రెండో కీలు సరిదిద్దేలా రెండింటినీ ఒకే కోణంలో జతగా అమర్చారు. ఇంజిన్ ముందు, నడిచే చక్రాలు వెనక ఉన్నంతకాలం ఆ ఉపాయం పనిచేసింది. ముందు చక్రాలే కారుని లాగాలని ఆశపడినవాళ్లు మాత్రం గోడకి కొట్టుకున్నారు. ముందు చక్రం తిరుగుతూ ఉండగానే పక్కకి మళ్లాలి. మలుపులో 30, 35 డిగ్రీలు వంగాలి. అక్కడ రెండు కీళ్లు పట్టే చోటు లేదు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చక్రం కొట్టుకునేది, కీలు అరిగిపోయేది.

1926లో ఫ్రాన్స్‌లో ఇద్దరు స్నేహితులు దీనికి దారి కనుక్కున్నారు. ఒకరు వెర్సాయ్‌లో గ్యారేజీ నడుపుతున్న ఇంజినీరు జాన్-ఆల్బేర్ గ్రెగ్వార్. మరొకరు డబ్బూ, కార్ల పిచ్చీ సమానంగా ఉన్న పియేర్ ఫెనాయ్. ఒకదానిలో ఒకటి జారే నాలుగు ముక్కలతో వాళ్లు చేసిన కీలు ఎంత వంగినా వేగం మారనిచ్చేది కాదు. దానికి ట్రాక్టా అని పేరు పెట్టారు. కాగితం మీద గీసి ఊరుకోలేదు. దాన్ని పెట్టిన చిన్న కారుని 1927లో లె మాన్స్ 24 గంటల రేసుకి తీసుకెళ్లారు. రేసుకి ముందు ప్రమాదం జరిగింది. గ్రెగ్వార్ గాయాలతోనే స్టీరింగ్ పట్టాడు. ఆ ఏడాది బయలుదేరినవి 22 కార్లు, చివరిదాకా నిలిచినవి 7. ఆ ఏడింటిలో ట్రాక్టా ఉంది. ఇరవై నాలుగు గంటలు ఆ కొత్త కీలు విరగలేదన్నదే వాళ్ల గెలుపు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అట్లాంటిక్ అవతల ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన ఆల్ఫ్రెడ్ రెజెపా అదే చిక్కుని మరో వైపు నుంచి విప్పాడు. గిన్నెలాంటి కప్పు, దాని లోపల ఒక గుండు. రెండింటి మీదా ఎదురెదురుగా గాడులు. ఆ గాడుల్లో ఆరు ఉక్కు గోళీలు, వాటిని ఒకే వరసలో పట్టి ఉంచే పంజరం. రెండు షాఫ్టుల మధ్య కోణం ఎంతున్నా, ఆరు గోళీలూ ఆ కోణాన్ని సరిగ్గా సగానికి చీల్చే తలంలో ఉంటే వేగంలో తేడా రాదు. రెజెపా పట్టుకున్న రహస్యం ఇదే. గోళీలని ఆ తలంలో నిలపడానికి తొలినాళ్ల కీళ్లలో ఒక చిన్న మీట ఉండేది. తర్వాత వచ్చిన మెరుగుల్లో గాడుల ఆకారమే గోళీలని ఆ చోటుకి నెట్టేలా చేశారు. మీట అక్కర్లేకుండా పోయింది. మోటారు చరిత్రలో పెద్ద పెద్ద పేర్ల మధ్య రెజెపా పేరు వినపడదు. నా లెక్కలో ఇంజిన్ కనిపెట్టినవాళ్ల పక్కన కూర్చోబెట్టాల్సిన మనిషి అతను. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే దాదాపు ప్రతి చిన్న కారు ముందు చక్రం లోపలా అతని ఆరు గోళీలున్నాయి.

ఆలోచన దొరికినంత తేలిగ్గా తయారీ రాలేదు. గోళీల గాడులు తల వెంట్రుక మందమంత తేడా కూడా లేకుండా చెక్కాలి, ఉక్కు పైపొర గట్టిగా, లోపల సాగేలా ఉండాలి. ముందు చక్రాలతో నడిచే సిత్రోయెన్ ట్రాక్సియాన్ అవాన్ 1934లో వచ్చినప్పుడు మొదట్లో ఆ కీళ్లు చాలా సతాయించాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల ముందు చక్రాలకి ట్రాక్టా, రెజెపా కీళ్లు లక్షల్లో కావలసి వచ్చాక గానీ వాటిని పెద్ద ఎత్తున తయారు చేసే నేర్పు ఫ్యాక్టరీలకి పట్టుబడలేదు.

కథలో రెండో పాయ బ్రేకులది. 1902లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పల్చటి లోహపు పళ్లెం, దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కే రాగి పూత ముక్కలు. ఊహ అద్భుతం. లోహం మీద లోహం రాసుకుంటే వచ్చే కీచుధ్వని మాత్రం వినలేకపోయేవాళ్లట. ఆనాటి మట్టిరోడ్ల దుమ్ము పళ్లేన్ని తినేసేది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో లూయి రెనో డ్రమ్ము బ్రేకుని తెచ్చాడు. మూత ఉంటుంది కాబట్టి దుమ్ము పడదు. పైగా తిరిగే డ్రమ్మే బ్రేకు చెప్పుని లోపలికి లాక్కుని పట్టు పెంచుతుంది. తక్కువ బలంతో ఎక్కువ పట్టు. యాభై ఏళ్లు డ్రమ్మే రాజ్యమేలింది. లాంచెస్టర్ పళ్లెం మూల పడింది.

డ్రమ్ముకి శత్రువు వేడి. 600 కిలోల కారు గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడికి ముప్పావు లీటరు నీళ్లు మరిగిపోతాయి. ఘాట్ రోడ్డులో దిగుతూ మాటిమాటికీ బ్రేకు వేస్తే ఆ వేడి పోయే దారి ఉండదు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లోపలి లైనర్లకి దూరం జరుగుతుంది. కాలు నేలకి ఆనుతుంది, కారు ఆగదు. డిస్కులో అదంతా తిరగబడుతుంది. పళ్లెం వేడికి మందమెక్కితే తనని నొక్కే ప్యాడ్ల వైపే పెరుగుతుంది, పైగా అది బయటి గాలిలో తిరుగుతూ ఉంటుంది.

రెండో యుద్ధం ముగిశాక విమానాల చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టడంలో అనుభవం గడించిన డన్‌లప్ కంపెనీ, జాగ్వార్ కార్ల వాళ్లతో కలిసి దాన్ని కారుకి తేవాలని చూసింది. ప్రయోగాలు నడిపిన డ్రైవరు నార్మన్ డ్యూయిస్. బ్రేకు నూనె మరిగి పెడల్ మెత్తబడిపోయేది. మలుపుల్లో చక్రం బేరింగు కాస్త కదిలితే పళ్లెం వణికి ప్యాడ్లని వెనక్కి నెట్టేసేది. తర్వాతి బ్రేకుకి కాలు ఖాళీగా కిందికి దిగేది. ఒక్కో లోపాన్నీ పట్టుకుని సరిచేస్తూ వచ్చారు. 1952లో ఫ్రాన్స్‌లోని రెయిమ్స్ రేసులో స్టిర్లింగ్ మాస్ డిస్క్ బ్రేకుల జాగ్వార్‌తో గెలిచాడు. 1953లో లె మాన్స్‌లో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ గెలిచారు. డ్రమ్ములున్న కార్లు ఎప్పుడో కాలు తీసి బ్రేకు మీద వేసే చోట జాగ్వార్ ఇంకా దూసుకుపోయేది. యాభై ఏళ్లు మూల పడ్డ లాంచెస్టర్ పళ్లెం అలా వెలుగులోకి వచ్చింది.

ఇదే కాలంలో లండన్ ఉత్తరాన ఒక ఇంటి వెనక గ్యారేజీలో కోలిన్ చాప్‌మన్ అనే ఇంజినీరింగ్ విద్యార్థి 1928 నాటి ఆస్టిన్ సెవెన్ కారుని విప్పేసి 1948లో తన మొదటి కారు కట్టాడు. ఆ గ్యారేజీ అతని స్నేహితురాలు, తర్వాత భార్య అయిన హేజెల్ తల్లిదండ్రులది. ఇంట్లో కట్టే స్పోర్ట్స్ కారనే సంప్రదాయానికి ఊపిరి పోసింది చాప్‌మనే. డబ్బు లేదు, విడిభాగాలు తయారు చేసే శక్తి లేదు. తేలికపాటి చట్రం తనది, మిగతాదంతా అమ్ముడయ్యే మామూలు కార్లది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌కి ఇంజిన్ ఫోర్డ్‌ది, వెనక యాక్సిల్ మెట్రోపాలిటన్ అనే చిన్న కారుది. విడిభాగాల మూటగా కొంటే పన్ను తగ్గేది కాబట్టి కుర్రాళ్లు దాన్ని కొని ఇంట్లో బిగించుకునేవాళ్లు.

అయినా చాప్‌మన్‌కి కూడా డ్రైవ్‌షాఫ్ట్ కొరుకుడు పడలేదు. 1962లో తెచ్చిన లోటస్ ఎలాన్‌లో వెనక చక్రాలు దేనికవి విడిగా ఊగుతాయి. వాటికి కీళ్లు కావాలి. ఖరీదైన కీళ్లకి బదులు వడలాంటి రబ్బరు కప్లింగులు వేశాడు. అవి వంగుతాయి, సాగుతాయి, చవక. చిక్కల్లా ఏమిటంటే క్లచ్చు వదలగానే రబ్బరు మెలిపడి, మళ్లీ విప్పుకుని, కారు ముందుకీ వెనక్కీ ఊగుతూ బయలుదేరేది. ఆ కారుని ఇప్పటికీ ప్రేమగా నడిపేవాళ్లలో చాలామంది ఆ రబ్బర్లు తీసేసి రెజెపా గోళీలున్న షాఫ్టులు బిగించుకున్నారు.

అప్పటికే ఆ గోళీలు సామాన్యుడి కారులోకి వచ్చేశాయి. 1959 ఆగస్టులో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ విడుదలైంది. ఇంజిన్ అడ్డంగా, నడిచేవి ముందు చక్రాలు, చక్రాల సైజు 10 అంగుళాలే. ఆ బుల్లి చక్రం లోపల రెజెపా జాతి కీలు పిడికిలంత చోటులో ఒదిగింది. రెండేళ్లకే జాన్ కూపర్ పేరుతో వచ్చిన వేగవంతమైన మినీకి ముందు చక్రాల్లో 7 అంగుళాల డిస్కులు పెట్టారు. చక్రం చిన్నది కాబట్టి అంతకంటే పెద్ద పళ్లెం పట్టలేదు. ఆ బ్రేకులు చాలవని త్వరలోనే తేలింది. కారు కట్టేవాళ్లకి ఇది ఇప్పటికీ పాఠమే: చక్రం సైజు ఎంచుకున్న రోజే డిస్కు సైజు తేలిపోతుంది.

1972లో ఇటలీలో ఫియట్ ఎక్స్ 1/9 అనే చిన్న స్పోర్ట్స్ కారు వచ్చింది. 128 అనే మామూలు ఫ్యామిలీ కారు ముందు భాగంలో ఉన్న ఇంజిన్, గేరుబాక్సు సరంజామాని ఎత్తి డ్రైవరు వీపు వెనక పెట్టారు. ముందు చక్రాలని లాగాల్సినది వెనక చక్రాలని నెట్టింది. పెరట్లో కారు కట్టేవాళ్లకి ఇంతకంటే పెద్ద ఆశ మరొకటి దొరకలేదు. ముందు చక్రాలతో నడిచే ఏ చిన్న కారైనా సరే, దాని ముందు సగాన్ని మొత్తంగా తెచ్చి వెనక బిగిస్తే ఇంజిన్, షాఫ్టులు, డిస్కులు, హబ్బులు అన్నీ ఒకేసారి దొరుకుతాయి. పాత దారి పట్టినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో రాన్ ఛాంపియన్ అనే బడి మాస్టారు చవగ్గా స్పోర్ట్స్ కారు కట్టుకోవడం మీద 1996లో పుస్తకం రాశాక వేలమంది ఫోర్డ్ ఎస్కార్ట్ యాక్సిళ్ల కోసం తుక్కు దుకాణాలు గాలించారు. మన దేశంలోనూ చింకారా మోటార్స్ లోటస్ సెవెన్ తీరులో, ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్‌తో ఒక రోడ్‌స్టర్‌ని తెచ్చింది.

ముందు సగాన్ని ఎత్తి వెనక పెట్టే ఆశ మాత్రం మనకి చాలాకాలం లేదు. అంబాసిడర్, పద్మిని రెండింటికీ వెనక బరువైన యాక్సిల్ దుంగ, నాలుగు చక్రాలకీ డ్రమ్ములు. జీపు యాక్సిల్ ఇంకా బరువు. 1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి కారు తాళాలు చేతులు మారిన రోజున మన పెరటి ఇంజినీర్ల తలరాత మారింది. 796 సీసీల ఇంజిన్ అడ్డంగా, నడిచేవి ముందు చక్రాలు. 1986లో వచ్చిన దాని రెండో రూపంలో ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. 2014లో ఆగిపోయేలోగా మన దేశంలోనే 26 లక్షలకి పైగా అమ్ముడుపోయింది. కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా ఏ ఊరి తుక్కు దుకాణంలోనైనా రెజెపా గోళీలూ, లాంచెస్టర్ పళ్లేలూ గ్రీజు పట్టి దొరకడం ఆ కారుతోనే మొదలైంది.

దీన్ని మొదట పూర్తిగా వాడుకున్నది విద్యార్థులు. 2007 నుంచి బాజా ఎస్‌ఏఈ ఇండియా పోటీలో ఇంజినీరింగ్ కాలేజీల జట్లు సొంతంగా బగ్గీలు కట్టి మట్టిలో, గుట్టల్లో నడుపుతున్నాయి. 10 గుర్రాల చిన్న ఇంజిన్, సరుకుల ఆటో గేరుబాక్సు, దానికి మారుతి షాఫ్టులు, బైకు డిస్కులు: చాలా జట్లు ఈ బాటే తొక్కాయి. ఒక జాతి బండి గేరుబాక్సుకి మరో జాతి బండి షాఫ్ట్ కలపబోయినప్పుడే పాత చిక్కు కొత్త వేషంలో ఎదురైంది.

ఈ కథలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. షాఫ్ట్ పొడవు చాలదు, లేదా ఎక్కువవుతుంది. మారుతిలో ఇంజిన్ అడ్డంగా ఉండి గేరుబాక్సు ఒక పక్కకి జరిగి ఉంటుంది కాబట్టి రెండు షాఫ్టుల్లో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. కట్టేవాళ్లు తమకి నచ్చిన వెడల్పుతో చాసీ ముందే చేసేసి, ఆ తర్వాత షాఫ్ట్‌ని మధ్యలో కోసి, ముక్క చేర్చి వెల్డింగ్ చేయించారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ ఉక్కు పైపొరని ఫ్యాక్టరీలో కాల్చి, చల్లార్చి గట్టిపరిచారు. వెల్డింగ్ మంటకి ఆ పదును చచ్చిపోతుంది. అతుకు పక్కన ఒక వైపు పెళుసు, మరో వైపు మెత్తన. మొదటిసారి క్లచ్చు గట్టిగా వదిలినప్పుడో, గుంటలోంచి ఎగిరినప్పుడో సరిగ్గా అతుకు పక్కనే విరుగుతుంది. ఉక్కు గురించి తెలిసిన ఈ ఊళ్లో ఎవరినడిగినా కారణం చెబుతారు.

మరికొందరు మిశ్రమ ఉక్కు కడ్డీ తెచ్చి, రెండు చివర్లా పళ్లు కోయించి, కొలిమిలో పదునుపెట్టించి కొత్త షాఫ్టులు చేయించుకున్నారు. ఆదిత్యపూర్ లాంటి చోటు దగ్గరుంటే అది అందుబాటులోని పనే. ఖర్చు ఎక్కువ, పళ్ల లెక్కలో వెంట్రుక వాసి తేడా వచ్చినా పని పాడు.

అసలు పరిష్కారం ఇంకా తేలికైనది. ప్రశ్నని తిరగేస్తే చాలు. చాసీ గొట్టం మన చేతిలో ఉంది, రంపం మన చేతిలో ఉంది. షాఫ్ట్ మన చేతిలో లేదు. అలాంటప్పుడు షాఫ్ట్‌ని చాసీకి సరిపెట్టడం దేనికి, చాసీనే షాఫ్ట్‌కి సరిపెడితే పోదా? డోనర్ కారు రెండు షాఫ్టుల్నీ వాటి సహజమైన పొడవుతో గేరుబాక్సుకి రెండు వైపులా నేల మీద పరిచి, చక్రాలు ఎక్కడికొస్తే అదే కారు వెడల్పు అనుకుని అక్కడి నుంచి చట్రం గీయడం మొదలుపెట్టాలి. గేరుబాక్సు పక్కకి జరిగి ఉంటే డ్రైవరు వెనక ఇంజిన్ కూడా కాస్త పక్కకి జరగనీ. కారు అందంలో దానివల్ల లోటేమీ రాదు. అనుభవమున్నవాళ్లు స్ప్రింగులు బిగించకముందే చక్రాన్ని చేత్తో పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి కదిపి, గేరుబాక్సు వైపున్న లోపలి కీలు జారే చోటులో రెండు కొసలా ఖాళీ మిగిలిందో లేదో చూసుకుంటారు. ఖాళీ లేకపోతే ఒక గతుకుకే కీలు అడుగుకి కొట్టుకుని పగులుతుంది, లేదా ఊడి వస్తుంది.

షాఫ్ట్ చిక్కు తీరాక బ్రేకు చిక్కు. ముందు సగాన్ని వెనక పెట్టాం కదా, ముందు చక్రాలకి ఏం పెట్టాలి? సహజంగా తోచేది మరో డోనర్ కారు ముందు సగాన్నే మళ్లీ తెచ్చి ముందు పెట్టడం. అప్పుడు నాలుగు చక్రాలకీ ఒకే రకం డిస్కులు. వినడానికి బాగుంది, ప్రమాదం అందులోనే పొంచి ఉంది.

ఒక లెక్క చూద్దాం. కారు బరువు 600 కిలోలు, ఇంజిన్ వెనక ఉంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 240, వెనక చక్రాల మీద 360 అనుకుందాం. బరువు కేంద్రం నేలకి 45 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు వెనక చక్రాల మధ్య దూరం 230 సెంటీమీటర్లు. గట్టిగా బ్రేకు వేస్తే, అంటే భూమ్యాకర్షణ బలంలో పదింట ఎనిమిది వంతులంత బలంగా ఆపితే, దాదాపు 94 కిలోలు వెనక నుంచి ముందుకి ఒరుగుతాయి. ముందు 334, వెనక 266. నూటికి 56, 44 అన్నమాట. నాలుగు చక్రాలకీ ఒకే బ్రేకులుంటే బలం 50, 50 పడుతుంది. వెనక చక్రాలు భరించగలిగినదానికంటే ఎక్కువ. అవి ముందుగా బిగుసుకుని జారతాయి, కారు గిర్రున తిరిగిపోతుంది. ముందు చక్రాలు ముందుగా జారితే కారు తిన్నగా పోతుంది, బతకడానికి ఒక అవకాశం ఉంటుంది. వెనకవి ముందుగా జారితే అదీ ఉండదు.

దీనికి రేసు కార్ల వాళ్లు ఎప్పుడో జవాబు కనిపెట్టారు. ముందుకొక మాస్టర్ సిలిండరు, వెనక్కొక మాస్టర్ సిలిండరు పెట్టి, పెడల్ బలాన్ని రెండింటికీ పంచే చిన్న అడ్డకడ్డీ బిగిస్తారు. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ముందు వాటా పెంచుకోవచ్చు. మరో దారి వెనక గొట్టంలో ఒత్తిడిని తగ్గించే వాల్వు పెట్టడం, లేదంటే చిన్న పిస్టన్ ఉన్న కాలిపర్లు వెనక వాడటం. పెద్ద డిస్కు వేస్తే కారు తొందరగా ఆగుతుందన్నది అపోహ. టైరు బిగుసుకునేంత పట్టు ఉన్నాక ఇంకా పెద్ద పళ్లెం ఇచ్చేది వేడిని తట్టుకునే ఓపికే.

ఇంకో రెండు చిక్కులు చెప్పి తీరాలి. మొదటిది హ్యాండ్‌బ్రేకు. డోనర్ కారులో అది వెనక డ్రమ్ములకి ఉంటుంది. ముందు కాలిపర్లలో దానికి చోటే లేదు. ముందు భాగాలే నాలుగు వైపులా పెడితే వాలులో నిలపడానికి దిక్కు ఉండదు. కేబుల్‌తో పనిచేసే చిన్న కాలిపర్‌ని వెనక డిస్కులకి విడిగా బిగించక తప్పదు. రెండోది బయటికి కనపడనిది. డ్రైవ్ లేని ముందు చక్రానికి షాఫ్ట్ అక్కర్లేదు కదా అని బయటి కీలుని పూర్తిగా తీసి పారేస్తారు కొందరు. ఇలాంటి కార్లలో హబ్బునీ బేరింగునీ కలిపి బిగించి పట్టుకునేది ఆ కీలు కొనే, దాని మీది పెద్ద నట్టే. అది లేకపోతే బేరింగు వదులై చక్రమే ఊడి రావచ్చు. అందుకే షాఫ్ట్ కోసి తీసేసినా, కీలు కప్పుని మాత్రం లోపలే ఉంచి నట్టు కంపెనీ చెప్పినంత బిగించాలి. ఎంత చిన్న సంగతి! తెలియకపోతే ఎంత పెద్ద ముప్పు!

ఇవన్నీ చూశాక డోనర్ కారు ఎంపికలో ఏది మేలో తేల్చడం కష్టం కాదు. ఒక కారు నుంచి కాలిపర్, మరో కారు నుంచి హబ్బు, ఇంకో దాని నుంచి షాఫ్ట్ తెచ్చి అతికించే తెలివి కంటే, హబ్బుని పట్టి ఉంచే నకల్, హబ్బు, బేరింగు, డిస్కు, కాలిపర్, బయటి కీలు, షాఫ్ట్, గేరుబాక్సు అన్నీ ఒకే కారువి తెచ్చుకోవడం వెయ్యి రెట్లు మేలు. వాటిని ఒకదానికొకటి సరిపెట్టడానికి ఆ కంపెనీ ఇంజినీర్లు పడ్డ శ్రమ మనకి ఉచితంగా దక్కుతుంది. బరువు తక్కువ కారు కడుతుంటే తేలిక కారే డోనర్. ఇంజిన్ బలం పెంచే ఆలోచనుంటే షాఫ్టులు కూడా ఆ బలమున్న కారువే కావాలి. విడిభాగాలు పదేళ్ల తర్వాత కూడా దొరికే కారు అయి ఉండాలి. మారుతి 800, పాత ఆల్టో ఇప్పటికీ మన దేశంలో మొదటి వరసలో నిలబడేది అందుకే.

చివరగా కట్టబోయేవాళ్లకి ఒక విన్నపం. తుక్కులో తెచ్చిన డిస్కు మందం కొలవండి. అంచున చెక్కిన కనీస మందం కంటే తక్కువుంటే అక్కడే వదిలేయండి. కాలిపర్ సీళ్లు, రబ్బరు గొట్టాలు, బ్రేకు నూనె, కీళ్ల బూట్లు, వాటిలో గ్రీజు కొత్తవే వేయండి, వీటిలో పాతవి వద్దు. ముందు చక్రాలు ముందుగా జారుతున్నాయో లేదో మనుషులు లేని ఖాళీ మైదానంలో, నెమ్మది వేగంతో మొదలుపెట్టి చూసుకోండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వ నియమం ప్రకారం అధీకృత సంస్థలో పరీక్ష నెగ్గని కొత్త నమూనా రోడ్డెక్కకూడదు, రిజిస్టరైన కారుని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి మీ కారుని సొంత స్థలంలోనో, రేసు ట్రాకు మీదో మాత్రమే నడపండి.